లైట్లు నీరసంగా ఉన్నాయంది అమ్మ

ఇది మహాకావ్యానికి సరిపోయే కథ. ఇందులో ఉరుములతో కూడిన వాన ఉంది. నమ్మిన వాహనం ఎత్తైన వంతెన మీద ప్రాణం విడవడం ఉంది. నిందపడ్డ స్త్రీ ఉంది, నింద వేసిన పెద్దమనిషి ఉన్నాడు, చివరికి నిజం బయటపడడం కూడా ఉంది. రాసేవాడికి ఓపిక, చదివేవాళ్లకి సెలవులు ఉంటే పన్నెండు సర్గలు లాగవచ్చు.

లాగను. ఎందుకంటే ఆ వాహనం మా పాత చిన్న కారు. ఆ వంతెన కొత్తగూడ ఫ్లైఓవర్. నిందపడింది మా అమ్మ, వేసింది మా నాన్న, ప్రాణం విడిచింది ఆల్టర్నేటర్. ఆ వస్తువు మీద ఇంతవరకూ ఎవరూ కావ్యం రాసినట్టు లేదు. రాయకపోవడానికి కారణాలున్నాయి.

అదేమిటో ముందే చెప్పేస్తే మంచిది. అపార్ట్‌మెంట్ పైన నీళ్ల ట్యాంకు ఉంటుంది, కింద బోరు మోటారు ఉంటుంది కదా. కారులో బ్యాటరీ ఆ ట్యాంకు, ఆల్టర్నేటర్ ఆ మోటారు. ఇంజను తిరుగుతున్నంతసేపూ అది కరెంటు తోడి బ్యాటరీలో పోస్తుంటుంది. లైట్లు, వైపర్లు, ఫ్యాను, హారను అన్నీ కుళాయిలు. మోటారు నీరసించినా ట్యాంకులో ఉన్నన్ని నీళ్లతో కుళాయిలు కొంతసేపు వస్తాయి. తర్వాత రావు. అప్పుడు ఎవరూ మోటారు దగ్గరికి వెళ్లి చూడరు. నీళ్లన్నీ మీరే పారబోశారని పై అంతస్తువాళ్లు కింది అంతస్తువాళ్లను తిడతారు. మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే.

మాది గుంటూరు వైపు. వచ్చి ప్రగతి నగర్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. చెరువులోకి ఎన్ని నీళ్లొస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి అని జీవితమంతా లెక్కలు కట్టిన మనిషి. ఈ ముక్క కాస్త గుర్తు పెట్టుకోండి, ఆయన పెట్టుకోలేదు. నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇంట్లో అదే పని జీతం లేకుండా చేస్తుంటాను. కారు నాన్న ఆఫీసులో ఇంకొకాయన దగ్గర కొన్నది. మా ఇంటికి వచ్చేనాటికే దానికి పెద్దరికం వచ్చేసింది.

ఇక అమ్మ. ఈ కథలో ఏదైనా పోగొట్టుకున్నది ఆవిడొక్కతే కాబట్టి ఆవిడ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

శనివారం సాయంత్రాలు కొత్తగూడలో ఒకావిడ ఇంట్లో ఆడవాళ్లు కొందరు కూడి కీర్తనలు పాడుకుంటారు. అన్నీ అయ్యాక చివర్లో అందరూ లేచి నిలబడి మంగళహారతి పాడతారట. 'ట' ఎందుకంటే అమ్మ ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నా ఆ ఆఖరి పాటకి ఎప్పుడూ ఉండలేదు. నాన్న దింపేవారు, దింపి వెళ్లిపోకుండా గేటు బయట కారులోనే కూర్చునేవారు. పేపరు చదవడం అయిపోగానే ఫోను చేసి ఇంకా ఎంతసేపని అడిగేవారు. అమ్మ పుస్తకం మూసి, గుమ్మం దగ్గర చెప్పుల కుప్పలో తన జత వెతుక్కుని వచ్చేసేది. క్యాబ్ బుక్ చేసుకోమని నేను సలహా ఇచ్చాను. వానొస్తే క్యాబులు రావు. వాన లేకపోతే, ప్రగతి నగర్ అనగానే డ్రైవరు ఫోను చేసి క్యాషా ఆన్‌లైనా అని అడుగుతాడు, మనం ఏది చెప్పినా క్యాన్సిల్ చేస్తాడు.

అందుకని యాభై దాటాక అమ్మ డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఈ వయసులో ఎందుకని నాన్న అడిగారు.

"ఆఖరి పాటకి ఉండాలండీ," అంది అమ్మ.

ఇంతకంటే గొప్ప కారణమేదో ఉంటుందని నేను ఎదురుచూశాను. లేదు. అదే కారణం.

నేర్చుకుంది. బాగానే నేర్చుకుంది. ఎక్కగానే స్టీరింగ్‌కి దండం పెట్టుకునేది. సీటు ముందుకు, ఇంకా ముందుకు జరుపుకుని, దాదాపు గడ్డం హారను మీద ఆనేంత దగ్గరగా కూర్చునేది. అంత దగ్గరున్నా హారను కొట్టేది కాదు, ముందువాళ్లు నొచ్చుకుంటారని. ఆటోవాళ్లతో అద్దం దించకుండానే మాట్లాడేది. పో నాయనా, నువ్వే పో, నీకే తొందర, అని. ఈ ఊళ్లో ఇండికేటర్ వేస్తే పక్కవాడు వేగం పెంచుతాడని తెలిసీ ప్రతి మలుపుకీ ఇండికేటర్ వేసేది. ఆవిడ వెనకాల వాహనాలన్నీ దేవుడి ఊరేగింపు వెనక నడిచినట్టు నడిచేవి. ఒక్క గీత పడలేదు కారు మీద. ఉన్న గీతలన్నీ నాన్నవి, నావి.

ఆ రోజుల్లో ప్రతి శనివారం రాత్రీ మా ఇంట్లో పులిహోర ఉండేది. హారతి అయ్యాక ఉన్నవాళ్లకే ప్రసాదం పెడతారు. అమ్మ స్టీలు డబ్బా నిండా తెచ్చేది. వంటింట్లో ఆ ఆఖరి పాట కూనిరాగం తీస్తూ మా పళ్లేల్లో వడ్డించేది. ఇన్నేళ్లూ అమ్మ ఏం పోగొట్టుకుందో నాకు ఆ పులిహోర తిన్నాకే కొద్దికొద్దిగా అర్థమైంది. నా అవగాహన అంతా కడుపులోంచే వస్తుంది.

వానలు మొదలైన ఒక శనివారం అమ్మ ఇంటికి ఫోను చేసింది. కొత్తగూడ సిగ్నల్ దగ్గర కారు ఆగిపోయిందట.

ఎలా ఆగిందో చెప్పడానికి నాన్న నేర్పిన ఒక అలవాటు చెప్పాలి. ఎర్ర లైటు పడితే ఇంజను ఆపేయాలి. పెట్రోలు కలిసొస్తుంది. నాన్న కారులో ఏదీ వృథా కాదు. ఏసీ వేయరు, ఫ్యాను వేయరు, పాటలు పెట్టరు. చీకట్లో కూడా వీధి దీపాలున్నచోట మన పెద్ద లైట్లెందుకని చిన్న లైట్లతోనే ఇల్లు చేరతారు. అమ్మ ఇంజను ఆపే అలవాటు వరకు నేర్చుకుంది గాని, చీకటి పడితే లైట్లు పూర్తిగా వేసేది. చినుకు పడితే వైపర్లు, అద్దం మసకబారితే ఫ్యాను. పుస్తకంలో ఎలా ఉంటే అలా. ఆ రోజు సిగ్నల్ దగ్గర ఇంజను ఆపింది. పచ్చ లైటు పడ్డాక సెల్ఫ్ కొడితే లోపల ఎవరో నాలుక చప్పరించినట్టు టిక్ టిక్‌మని ఊరుకుంది. శనివారం షికారుకి బయల్దేరిన ఐటీ జనమంతా వెనకనుంచి హారన్లు మోగించారు. బైకు మీద వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు దిగి కారును పక్కకి తోశారు. పోతూ పోతూ ఒకడు, "లైట్లు ఆపుడు మర్చిపోయినట్టున్రు ఆంటీ, జర సూస్కోన్రి," అన్నాడట. సాయం చేస్తూనే తీర్పు కూడా చెప్పి వెళ్లాడు.

నేనూ నాన్నా ఆటోలో అక్కడికి చేరేసరికి చాలాసేపు పట్టింది. నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పారు. ఒక్క తిప్పుకి కారు స్టార్టయింది.

దిగిపోయిన బ్యాటరీ కూడా కాసేపు విశ్రాంతి దొరికితే ఒక్కసారి లేచి కూర్చుంటుంది. ఆ ఒక్కసారీ తాళం నాన్న చేతిలో ఉంది. జరిగింది ఇంతే. కాని చూసేవాళ్లకు అలా కనిపించదు. ఆయన ముఖంలో విజయగర్వం లాంటిదేమీ లేదు. ఉంటే బాగుండేది, కొట్లాడ్డానికి వీలుండేది. జాలి ఉంది.

"అక్కడ పార్క్ చేసినప్పుడు లైట్లు ఆపావా?" అన్నారు.

"ఆపానండీ."

"సరిగ్గా చూసుకున్నావా?"

అమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలోనే కేసు ఓడిపోయింది. అలా అడిగితే ఎవరైనా ఆగుతారు. రైలెక్కాక, గ్యాస్ కట్టేశావా అని పక్కనుంచి ఒకరు అడిగితే, గుండె మీద చెయ్యేసుకుని అవునని చెప్పగలిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఇంటికొస్తుంటే అమ్మ వెనక సీట్లో కూర్చుంది. హఫీజ్‌పేట దాటాక నాతో అంది. "సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా లైట్లు నీరసంగా అయిపోతున్నాయిరా. కదిలితే మళ్లీ లేస్తున్నాయి."

"వాటికీ శనివారం ఉపవాసమేమో అమ్మా," అన్నాను.

అమ్మ నవ్వింది. నాన్న కూడా నవ్వారు. అప్పట్లో అది మంచి జోకే అనుకున్నాను. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు లైట్లు మసకబారడం, వేగం అందుకోగానే వెలగడం అంటే ఆల్టర్నేటర్ చాలినంత కరెంటు ఇవ్వట్లేదని. బానెట్ ఎత్తకుండా, ఏ మీటరూ పెట్టకుండా అమ్మ మొదటి రోజే రోగం చెప్పేసింది. వైద్యశాస్త్ర భాషలో చెప్పలేదు, అదొక్కటే లోపం.

నాన్నకి నమ్మకమైన మెకానిక్ బోరబండలో ఉన్నాడు. అతనికి నోరు, చెయ్యి ఒకే వేగంతో ఆడతాయి. బానెట్ ఎత్తి, "బ్యాటరీ పాతగైంది సార్. మార్సుడే. ఇగ ఫికర్ లేదు," అన్నాడు. అబద్ధమేమీ కాదు, బ్యాటరీ నిజంగానే పాతది. కొత్తది వేశాడు. మోటారు సంగతి చూడకుండా ట్యాంకు మార్చి నిండుగా నీళ్లు పోశాడన్నమాట. ఆ నీళ్లు కొన్ని శనివారాలు వచ్చాయి. పులిహోర కూడా వచ్చింది. తర్వాత మళ్లీ ఒక సాయంత్రం, మళ్లీ వానలో, కారు మొరాయించింది. మళ్లీ నాన్న వెళ్లేసరికి స్టార్టయింది.

ఈసారి మెకానిక్ తల గోక్కున్నాడు. పగటి పూట, ఎండలో, ఇంజను ఒకసారి తిప్పి చూసి, బ్యాటరీ కొత్తదే కదా, మేడం లైట్లు గిట్ల బంద్ చేస్తలేదేమోనని అనుమానం వెలిబుచ్చాడు. రోగం దొరకనప్పుడు పథ్యం సరిగ్గా చేయలేదనడం పాత వైద్యమే. నాన్నకి ఊతం దొరికింది. ఇంటికొచ్చి ఒక తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి, స్టీరింగ్ పక్కన గమ్ముతో అంటించారు. "గమనిక: దిగునపుడు అన్ని స్విచ్చులు ఆపవలెను." ముప్పై ఏళ్ల ప్రభుత్వ సేవ ఆ 'వలెను'లో ఉంది. కింద సంతకం, కార్యాలయ ముద్ర లేకపోవడమే లోటు.

అమ్మ దాన్ని చదివింది. ఆ తర్వాత కారు దిగిన ప్రతిసారీ తలుపు వేసి, రెండడుగులు నడిచి, వెనక్కొచ్చి, అద్దంలోంచి లోపలికి చూసి, మళ్లీ వెళ్లేది. మా వాచ్‌మన్ కూడా గమనించాడు. ఏమైనా పోయిందా అమ్మా అని అడిగాడట.

నేను మాత్రం శాస్త్రీయంగా తేల్చేద్దామనుకున్నాను. మా ఆఫీసులో పద్ధతి ఇది. ఎవరైనా తప్పుందని రాసి పంపితే, ఆ తప్పు మా దగ్గర కూడా కనిపించాలి. కనిపించకపోతే, ఇక్కడ కనిపించలేదని రాసి మూసేస్తాం. పంపినవాళ్లు ఏ పరిస్థితిలో చూశారో అదే పరిస్థితి కల్పించి చూడాలన్నది ఆ ఉద్యోగంలో మొదటి పాఠం. నేను ఆదివారం పొద్దున్నే కారు తీశాను. ప్రగతి నగర్ చెరువు పక్క నుంచి నిజాంపేట మీదుగా, ఖాళీగా ఉన్న రోడ్ల మీద, అద్దాలు దించుకుని, హైటెక్ సిటీ దాకా వెళ్లి టిఫిను చేసి వచ్చాను. నాలుగైదుసార్లు కావాలని ఇంజను ఆపి స్టార్ట్ చేశాను. గుర్రంలా కదిలింది.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కారు బాగానే ఉందని ప్రకటించాను.

"పొద్దున నాకూ బాగానే ఉంటుందిరా," అంది.

అమ్మ చమత్కారం అనుకుని మెచ్చుకున్నాను కూడా. చీకటి, వాన, ట్రాఫిక్, లైట్లు, ఫ్యాను. ఇవేవీ లేకుండా పరీక్షించావని ఆవిడ మర్యాదగా చెప్పింది. మా టీములో ఇంత స్పష్టంగా మాట్లాడేవాళ్లు లేరు. నేను కేసు మూసేశాను.

ఆ తర్వాత శనివారం అమ్మ బాగా ఆలస్యంగా వచ్చింది. ఎక్కడికెళ్లిపోయావని నాన్న అడిగితే ట్రాఫిక్ అంది. కారు మళ్లీ ఆగిపోయిందనీ, మాకు ఫోను చేయకుండా అందులోనే కూర్చుందనీ, కాసేపు దాని మానాన దాన్ని వదిలేస్తే అదే లేస్తుందని కనిపెట్టిందనీ చాలా రోజుల తర్వాత తెలిసింది. ఎదురుచూస్తున్నంతసేపూ పక్కనుంచి పోయేవాళ్లందరూ అద్దంలోంచి తొంగి చూశారట. ఆ రాత్రి పులిహోర తిన్నాం. తాళం చెవి గోడకున్న కొక్కేనికి తగిలించి, "సాయంత్రాలు కళ్లు సరిగ్గా ఆనడం లేదండీ. ఇక నేను నడపను," అంది.

నాన్న కంగారుపడి మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. చూపు బాగుందనీ, అద్దాల నంబరు కూడా మారలేదనీ డాక్టరు చెప్పాడు. ఇక్కడికి, ఆల్టర్నేటర్ తప్ప మిగతా అన్నిటికీ పరీక్షలు పూర్తయ్యాయి.

మళ్లీ పాత ఏర్పాటు మొదలైంది. నాన్న దింపడం, గేటు బయట కూర్చోవడం, పేపరు అయిపోవడం, ఫోను. అద్దాలు దించుకుని చిన్న లైట్లతో నాన్న నడిపితే కారు ఎక్కడా ఆగలేదు. నాన్న ఒకసారి భోజనాల దగ్గర, చూశావా, ఇప్పుడెంత బాగా నడుస్తోందో, అన్నారు. ఆయనకి దురుద్దేశమేమీ లేదు. సాంబారు బాగుందన్నట్టే అన్నారు. అమ్మ సాంబారు వడ్డించింది.

తర్వాత ఆ వాన వచ్చింది. మొదట్లో నేను ఆశపెట్టిన ఉరుములు ఇవే. ఒక్క ఉరుమే ఉరిమింది, అది కూడా దూరంగా.

ఆ శనివారం నాకు ఆఫీసుంది. అయ్యాక ఆటోలో కొత్తగూడ వెళ్లి, పాటల ఇంటి సందులో నాన్నతో పాటు కారులో కూర్చున్నాను. నాన్న ఫోను చేశారు, అమ్మ ఆఖరి పాటకి ముందే వచ్చేసింది. బొటానికల్ గార్డెన్ వైపు నుంచి ఫ్లైఓవర్ ఎక్కేసరికి వాన కుండపోత. ముందు ఏమీ కనపడడం లేదు. ఆయన జీవితంలో మొదటిసారిగా నాన్న అన్ని స్విచ్చులూ వేశారు. పెద్ద లైట్లు, వైపర్లు పూర్తి వేగంతో, అద్దం మసక పోవడానికి ఫ్యాను. వెనక నేను ఫోను చార్జింగ్‌కి పెట్టాను. ఫ్లైఓవర్ మీద బళ్లు ఒకదాని వెనక ఒకటి, నత్తల్లా.

ముందు కారు వెనక భాగం మీద పడుతున్న మా లైట్ల వెలుగు పసుపు రంగుకి తిరిగింది. నాన్న యాక్సిలరేటర్ తొక్కితే తెల్లబడింది, వదిలితే మళ్లీ పసుపు. వైపర్లు ముసలివాళ్లు మెట్లెక్కుతున్నట్టు ఎక్కుతున్నాయి. నాకు అప్పుడు వెలిగింది, కారు లైట్లు ఆరుతుండగా. అమ్మ వైపు చూశాను. ముందు సీట్లో కూర్చుని రోడ్డునే చూస్తోంది. ఆవిడకి అవన్నీ తెలిసిన సంగతులే, ఆశ్చర్యమేమీ లేదు. వైపర్లు సగంలో ఆగిపోయాయి. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

నాన్న తాళం తిప్పారు. టిక్. మళ్లీ తిప్పారు. టిక్. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి.

అమ్మ చాలా మెల్లగా అడిగింది. "స్విచ్‌లన్నీ ఆపారా అండీ?"

అది ఎత్తిపొడుపో, అలవాటో నాకిప్పటికీ తెలియదు. అందులో వెటకారం కోసం వెతికాను. దొరికితే నాకు కాస్త ఊరటగా ఉండేది. నాన్న లైట్ల స్విచ్చు ఆపారు, వైపర్లది ఆపారు, ఫ్యాన్ది ఆపారు. స్టీరింగ్ పక్కన తన కాగితాన్ని ఒకసారి చూశారు. తర్వాత తలుపు తీసుకుని వానలోకి దిగారు.

తొయ్యాలంటే ఇద్దరుండాలి, స్టీరింగ్ దగ్గర ఒకరుండాలి. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని డ్రైవరు సీట్లోకి జరిగింది. దండం పెట్టలేదు. ఇంజను లేని కారుకి స్టీరింగ్ బండరాయిలా ఉంటుంది, రెండు చేతులతో లాగి తిప్పింది. ఇండికేటర్ పనిచేయదు కాబట్టి అద్దం దించి చెయ్యి బయటికి చాపి, పక్కకి వస్తున్నానని చూపించింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పేదీ, తర్వాత ఎవరూ వాడనిదీ ఆ చెయ్యి. హైదరాబాదులో దాన్ని చూసి బళ్లు ఆగడం నేను ఆ రోజే చూశాను. మేమిద్దరం వెనకనుంచి తోశాం, వాలు వచ్చాక తోయాల్సిన పని కూడా లేకపోయింది. ఫ్లైఓవర్ దిగి, ఎడమకి తిరిగి, మూసి ఉన్న ఒక షాపు ముందు, కాలిబాటకి బెత్తెడు దూరంలో కారును తిన్నగా నిలబెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగింది. నాన్నా నేనూ తడిసి వగరుస్తూ చేరేసరికి, పుస్తకం తడవకుండా పమిటలో చుట్టుకుంటోంది.

అమ్మ కారు నడపడం నేను చూసిన ఆఖరిసారి అదే. అప్పుడు కూడా ఇంజను లేదు.

బోరబండ మెకానిక్ ఈసారి మీటరు తెచ్చాడు. ఇంజను ఆన్ చేసి, బ్యాటరీకి తీగెలు తగిలించి, నన్ను లైట్లు వేయమన్నాడు. ఫ్యాను కూడా వేయమన్నాడు. పద్నాలుగు వోల్టుల దగ్గర ఉండాల్సిన అంకె పన్నెండు కిందికి జారింది. ఆల్టర్నేటర్ లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు అరిగిపోయాయట, చాలా రోజుల నుంచే. విప్పుతూ అడిగాడు. "బండి ఆగినప్పుడు లైట్లు డిమ్ గిట్ల కొట్టలేదా సార్?"

"కొట్టాయి," అన్నారు నాన్న.

"మరి చెప్పలేదేంది?"

"మా ఆవిడ చెప్పింది."

"ఎవరికి?"

"నాకే," అన్నారు నాన్న.

మెకానిక్ పానా వెతుక్కోవడంలో పడ్డాడు. ఆ ఒక్క మాట నాన్న ఇంట్లో చెప్పి ఉంటే బాగుండేది. బోరబండలో చెప్పారు, నూనె మరకల మధ్య, సంబంధం లేని మనిషికి. ఇంటికొచ్చి మాత్రం, ఆల్టర్నేటరట, బాగుచేశాడు, అన్నారు. అమ్మ, అలాగా, అని కాఫీ తాగుతారా అని అడిగింది. గొప్ప ఘట్టానికి అన్నీ అమరిన చోట మా ఇంట్లో కాఫీ వస్తుంది.

నాన్న కాగితం పీకేశారు. గమ్ము గట్టిది, మరక ఉండిపోయింది. తడిగుడ్డతో చాలాసేపు రుద్దారు.

తర్వాత ఆయన పడ్డ పాట్లు చూస్తే నవ్వొచ్చేది, రాకపోయేది. శనివారం మధ్యాహ్నం నుంచి మోకాళ్లు నొప్పులనేవారు. తాళం చెవి కొక్కెం మీద నుంచి తీసి అమ్మ కీర్తనల పుస్తకం మీద పెట్టేవారు. అమ్మ దాన్ని తీసి కొక్కేనికి తగిలించి పుస్తకం తీసుకునేది. ఎందుకులేండి, అలవాటు తప్పింది, అనేది. నేను కూడా ఒకసారి బతిమాలాను. ఇప్పుడు లైట్లు దంచి కొడుతున్నాయి, చీకట్లో వానలో నేనే పరీక్షించానని చెప్పాను. నిజంగానే పరీక్షించాను, ఆలస్యంగా.

"తెలుసురా, కారు బాగానే ఉంది," అంది అమ్మ. "సిగ్నల్ దగ్గర కూర్చుంటే నాకే చేతులు చెమటలు పడతాయి. అది ఆగకపోయినా నాకు ఆగినట్టే ఉంటుంది."

నా దగ్గర దీనికి జోకు ఉంటుందని వెతికాను. లేదు.

ఇప్పుడు అమ్మ నిజాంపేటలో ఉండే ఇంకొకావిడ కారులో వెళ్తోంది. ఆవిడకి డ్రైవరున్నాడు. అతని డ్యూటీ అయిపోయే వేళకి ఇల్లు చేరాలి కాబట్టి ఇద్దరూ ఆఖరి పాటకి ముందే లేచి వచ్చేస్తారు. శనివారం రాత్రి మా ఇంట్లో ఉప్మా.

కారు ఎక్కువగా సెల్లార్లోనే ఉంటుంది. ఊరికే ఉంచితే బ్యాటరీ దిగిపోతుందని మెకానిక్ చెప్పాడు. అందుకని నాన్న రోజూ పొద్దున దాన్ని తీసి పాల పాకెట్లు తెస్తున్నారు. బ్యాటరీ సరిగ్గా చార్జ్ కావాలంటే కనీసం అరగంట నడపాలి. పాలబూత్ మా గేటుకి ఎదురుగానే ఉంది.